నాలుగింటికే వచ్చిన నీళ్ళు

ఇప్పటివాళ్ళకు చెబితే నవ్వుతారు గానీ, ఇరవై మూడేళ్ళ వయసులో నాకు ఈ లోకంలో తెలియని విషయమంటూ ఒక్కటీ ఉండేది కాదు. ఆ రోజుల్లో మా పక్క చదువుకున్న కుర్రాళ్ళకు రెండే దారులు. కుప్పంలో బెంగుళూరు రైలెక్కడం ఒకటి, మదనపల్లెలో టీకొట్టు ముందు నిలబడి సమాజాన్ని సంస్కరించడం రెండోది. నేను రెండోదాన్లో మునిగిపోయి మొదటిదానికి ఆలస్యమైపోయినవాణ్ణి. పుట్టింది కుప్పం పక్కన గుడుపల్లె దగ్గర మెట్టచేల ఊళ్ళో, డిప్లొమా చదివింది మదనపల్లెలో. ఆ మూడేళ్ళూ నిప్పుల మీద నడిచేవాళ్ళతోనూ, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి బోరు పాయింటు చూపించే పెద్దమనుషులతోనూ వాదించడమే సరిపోయింది. (ఒక వాదనలో ఖచ్చితంగా నేనే గెలిచాను. రైతు మాత్రం కొబ్బరికాయ చూపిన చోటే బోరు వేయించాడు, చుక్క నీరు పడలేదు. ఆ తర్వాత ఆయన నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడు, కొబ్బరికాయ పట్టిన పెద్దమనిషిని చూస్తే మాత్రం నమస్కారం పెట్టేవాడు.) చివరికి మద్రాసులో ఒక ఏజెంటు చెయ్యి పట్టుకుని, ఒక పాత విహార నౌకలో ప్లంబర్‌కు సహాయకుడిగా చేరాను. నీళ్ళు లేని సీమవాడికి నాలుగు దిక్కులా నీళ్ళున్న ఉద్యోగం దొరికిందని మా ఇంట్లో అందరూ సంబరపడ్డారు.

ఆ ఓడ పేరు చెప్పను. ఎప్పుడో దాన్ని ముక్కలు కోసి ఇనుపసామానుకు అమ్మేసి ఉంటారు, చచ్చినదాన్ని తిట్టడమెందుకు. రంగుల కాగితంలో మాత్రం అది ఇంద్రభవనం: ఈతకొలను, లిఫ్టు, వ్యాయామశాల, చల్లటి గాలి, వేడి నీళ్ళు. నేను వెళ్ళేసరికి ఈతకొలనులో విరిగిన కుర్చీలు ఈదుతున్నాయి. లిఫ్టు మూడో అంతస్తులో ఆగిపోయి అక్కడే కాపురం పెట్టింది, దాని తలుపు కనబడకుండా ఒక పూలకుండీ అడ్డం పెట్టారు. ఏసీ నుంచి గాలి రాదు, నీటిచుక్కలు వస్తాయి. వాటి కింద పెట్టిన బకెట్లను దాటుకుంటూ ప్రయాణికులు భోజనానికి వెళ్ళేవాళ్ళు. తుప్పు మీద రంగు, ఆ రంగు మీద మళ్ళీ తుప్పు, దాని మీద మళ్ళీ రంగు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే గోడలోకి వేలెడు లోతు దిగేది. నీటిమట్టానికి కింద, మేమెనిమిదిమంది పడుకునే గదిలో కూడు కూడా డీజిల్ వాసనే వేసేది. నేను చేరిన వారానికే ఆవిరి గొట్టం పగిలి ఒకాయనకు మోచెయ్యి దాకా తోలు ఊడింది. కంపెనీవాళ్ళు ఆయనకు ఒక మందు ట్యూబూ, ఆ గొట్టానికి 'జాగ్రత్త' అని ఒక బోర్డూ ఇచ్చారు. గొట్టం మార్చలేదు.

మా ఫోర్‌మన్‌ను అందరూ వాల్వన్న అనేవాళ్ళు. హోసూరు అవతల తెలుగువాడు, అరవై దగ్గరపడినవాడు, కుప్పం కుర్రాడినని తెలిసి నన్ను దగ్గరికి తీసినవాడు. ఆయన ప్రాణమంతా ఎవాపరేటర్ మీద ఉండేది. సముద్రపు నీటిని ఇంజను వేడితో ఆవిరి చేసి మంచినీళ్ళుగా మార్చే యంత్రం అది. అదాగితే ఓడలో స్నానం లేదు, ఇంకాస్త ఆగితే తాగేందుకూ లేదు. ఆ యంత్రానికి ఎవరో నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి వేలాడగట్టారు. నేనూరుకుంటానా? వచ్చిన మూడో రోజే దాని ముందు నిలబడి, కార్యకారణ సంబంధం గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. వాల్వన్న చేతిలో స్పానరు పట్టుకుని అంతా ఓపిగ్గా విన్నాడు.

"అయిపోయిందా తంబీ?"

"అయిపోయిందన్నా."

"నిమ్మకాయ వంటింట్లో రోజూ దొరుకుతాదప్పా. ఆవిరి కారకుండా బిగించే గ్యాస్కెట్టు అడిగి ఏడాదయింది, దొరకలే. దొరికినదాన్ని కట్టుకున్నాం."

(నాస్తికుడిగా నేను తిన్న మొదటి దెబ్బ అది. కొట్టినవాడు ఆస్తికుడు కూడా కాదు.)

నేను చెప్పబోయే ట్రిప్పుకు ముందు ట్రిప్పులోనే భోజనాల హాల్లో ఒక గొట్టం పగిలి పెద్ద గొడవయింది. ఓడలో గదుల వ్యవహారమంతా చూసే హోటల్ మేనేజరు అందరి ముందూ వాల్వన్నతో, ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే కొలంబోలో దించేస్తాననీ, సర్వీసు బుక్కులో ఎర్రసిరాతో రాసి మరీ పంపిస్తాననీ అన్నాడు. ఓడ పనివాడికి ఆ బుక్కే జాతకం (జాతకాలు నమ్మనివాడికి కూడా). అందులో ఒక్క చెడ్డ మాట పడితే, ఆ వయసులో మరే ఓడా ఎక్కించుకోదు.

ఇక ఈ ట్రిప్పులో ప్రయాణికులెవరో చెప్పాలి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా వైపు వరసగా కరువు. వానలు లేవు, చెరువులు బీటలిచ్చాయి, రైతులు నగలు కుదువబెట్టి మరీ పాతాళం దాకా బోర్లు వేస్తున్నారు. ఒకటి ఎండితే ఇంకొకటి, అది ఎండితే పక్కన మరొకటి. అన్నిట్లోకీ మోటార్లు కావాలి. కాబట్టి మదనపల్లె, పుంగనూరు, కుప్పం మోటార్ల డీలర్ల అమ్మకాలు చూసి కళ్ళు చెదిరిన ఒక మోటార్ల కంపెనీ, వాళ్ళను కుటుంబాలతో సహా ఓడ ఎక్కించి ఐదు రోజుల విహారానికి పంపింది. ఎండిన ప్రతి బోరూ ఒక్కో మెట్టయితే, ఆ మెట్లెక్కి వచ్చారు వాళ్ళంతా. వాళ్ళలో పుంగనూరులో మోటార్లమ్మే మా మామ కూడా ఉన్నాడు. అత్త సముద్రమంటే భయమని రానంటే, తనతో వాళ్ళమ్మను, అంటే మా అవ్వను, తీసుకొచ్చాడు. అవ్వ ఓడనంతా ఒకసారి తిరిగి చూసి, "ఇంత ఇనుము యాల పెట్టినార్రా? మునగదా?" అంది. నేను ఆర్కిమెడిస్ సూత్రం చెప్పబోతే, "నువ్వు నోర్మూసుకో, నువ్వు చెప్తే ఇంకా బయమేస్తాది" అంది.

రెండో రోజు పొద్దున గ్యాస్కెట్టు చిరిగి ఎవాపరేటర్ ఆగిపోయింది. ట్యాంకుల్లో మిగిలిన నీళ్ళు తాగడానికీ వంటకూ ఉంచి, గదులకు వాల్వు కట్టేశారు. అరగంటలో డీలర్లంతా ఒంటిమీద తువ్వాళ్ళతో మేనేజరును చుట్టుముట్టారు. మా మామ గొంతు అందరికంటే పైన వినపడుతోంది.

"సబ్బు పూసుకోని ఉండానప్పా నేను! కండ్లు మండతాండాయి! ఇదేనా మీ స్టార్ ఓడ?"

"దీనికంటే మా గుడుపల్లె మేలు కదప్పా. ఆడ నీల్లు రావని ముందే తెలుసు!" అని కుప్పం డీలరొకాయన ఎగదోశాడు.

మేనేజరుకు తెలుగు రాదు. నన్ను పిలిచి, ఏదో ఒకటి రాసి మైకులో చదవమన్నాడు. వాల్వన్ననడిగితే రేపు సాయంత్రానికి యంత్రం లేపుతానన్నాడు. నేను మా ఊళ్ళలో ఆటో మీద మైకు కట్టి చెప్పే పద్ధతిలోనే చదివాను: "ప్రయాణికులకు ముఖ్య గమనిక. రేపు సాయంత్రం ఆరు గంటల నుండి ఏడు గంటల వరకు కొళాయిలలో నీళ్ళు వదలబడును." అంతే, అప్పటిదాకా కేకలేస్తున్న జనం మంత్రం వేసినట్టు (మంత్రాలకు ఆ శక్తి లేదు, పోలికకే) చల్లబడిపోయారు. మామ మొహం తేటపడింది. "అదీ మాట! టైము చెప్తే సాలు కదప్పా, మేం మనుసులం కాదా?" అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. విహారం పేరుతో బెరుకుబెరుగ్గా తిరుగుతున్నవాళ్ళకు, ఆ ఒక్క ప్రకటనతో సొంత ఇంటికి చేరినట్టయింది. నేను మేనేజరు వైపు గర్వంగా చూశాను.

మర్నాడు వాల్వన్న గ్యాస్కెట్టుకు దారి కనిపెట్టాడు. వ్యాయామశాలలో జనం పడుకుని కాళ్ళెత్తే రబ్బరు చాపను తెచ్చి, గుండ్రంగా కోసి బిగించాడు. అనుకున్నదానికి చాలా ముందే, మధ్యాహ్నానికే యంత్రం గుర్రుమంది. ట్యాంకు కాస్త నిండాక, నాలుగింటికి, ఆయన గదుల వాల్వు మీద చెయ్యేసి నా వైపు తిరిగాడు.

"పైన చెప్పొస్తావా తంబీ, ముందే ఇడస్తాండామని?"

"చెప్పేదేముందన్నా! నీళ్ళు ముందొస్తే ఎవురన్నా వొద్దంటారా?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, నా చదువు మీద గౌరవంతో వాల్వు తిప్పేశాడు.

మా సీమలో పుట్టిపెరిగి కూడా నాకు గుర్తురాని విషయమొకటుంది. మా ఇళ్ళలో నీళ్ళు రావాల్సిన రోజు కొళాయి ఎవరూ కట్టెయ్యరు. తెరిచిపెట్టి కింద బిందె పెడతారు. చప్పుడు వినపడగానే ఎక్కడున్నా పరుగెత్తి రావడానికి అదే గంట. పుట్టినప్పట్నుంచి చూసిందే, అందుకే ఆలోచనలోకి రాలేదు. ఓడలో ఆ రోజు ప్రతి గదిలోనూ కొళాయిలన్నీ తెరిచే ఉన్నాయి. బిందెలు లేవు కాబట్టి స్నానపు తొట్టికీ, చేతులు కడుక్కునే సింకుకూ బిరడాలు బిగించారు, ఒక్క చుక్క వృథా కాకూడదని. పెట్టాల్సినవన్నీ జాగ్రత్తగా పెట్టుకుని, ఇంకా రెండు గంటలుందిగదా అని అందరూ పై అంతస్తులో గారడీ చూడ్డానికి వెళ్ళారు. బాత్రూము నేల మీది తూములు ఏనాడో పూడుకుపోయాయి. నీళ్ళకు తలుపు తప్ప వేరే దారి లేదు.

అరగంటకు భోజనాల హాల్లో వాన మొదలైంది. ముందు దీపాల చుట్టూ చినుకులు, తర్వాత ధార, తర్వాత కప్పులోని పలకలే ఊడి బల్లల మీద పడ్డాయి. ఎక్కడో ఫట్‌మని చప్పుడై సగం ఓడ చీకటైంది. కంచాలు మోసుకొస్తున్న ఒకాయన జారిపడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఆయన అరుపు నాకిప్పటికీ వినిపిస్తుంది. నేను గదుల వరండాలోకి పరుగెత్తి అవ్వ గది తలుపు తోస్తే, చీలమండలు మునిగేదాకా నీళ్ళు. తొట్టి, సింకు, చెత్తబుట్ట, మంచుముక్కల డబ్బా, మామ టిఫిన్ క్యారియరు గిన్నెలు మూడూ నిండి పొర్లుతున్నాయి. వాల్వు కట్టేసేలోగా, వాల్వన్న పొద్దుట్నుంచి కష్టపడి చేసిన మంచినీళ్ళన్నీ తివాచీలు తాగేశాయి. అవ్వ చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నీల్లొచ్చినాయా! ఒక మాట చెప్పల్ల గదరా నాయనా, నేనాడ గారడీ సూస్తా కూసుంటిని!"

మర్నాడు పొద్దున కెప్టెన్ గదిలో విచారణ. కెప్టెను, మేనేజరు, వాల్వన్న, నేను. పూడిన తూముల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఏడాదిగా రాని గ్యాస్కెట్టు గురించీ మాట్లాడలేదు. ఒకటే ప్రశ్న: చెప్పకుండా నీళ్ళు వదలమన్నదెవరు? నేను నోరు తెరిచాను. వాల్వన్న నా వైపు చూడకుండా, నెమ్మదిగా, తెలుగులో అన్నాడు: "ఊరుకో తంబీ. నువ్వు మాట్లాడితే ఇద్దరం పోతాం." తర్వాత వాళ్ళకర్థమయ్యే భాషలో, తనే వదిలాననీ, తప్పు తనదేననీ అన్నాడు.

ఇక్కడ నా తర్కశక్తి ఎంత గొప్పదో మీరు చూడాలి. గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగేలోపు నేను నాలుగు నిర్ణయాలకు వచ్చాను. అసలు నేరం సామాన్లు కొనని ఓడ కంపెనీది, వ్యక్తులది కాదు. కాబట్టి ఏ వ్యక్తి ఒప్పుకున్నా సత్యానికి నష్టం లేదు. ఆయన ఎలాగూ నాలుగేళ్ళలో విశ్రాంతి తీసుకునేవాడు, నాకు జీవితమంతా ముందుంది. పైగా పెద్దవాళ్ళ మాట కాదనడం మర్యాద కాదు. (పెద్దవాళ్ళ మాట కాదనమని మూడేళ్ళు ఊరూరా చెప్పినవాణ్ణి.) ఒక్క దానిలోనూ ఎక్కడా లోపం లేదు, మదనపల్లె టీకొట్టు ముందయితే చప్పట్లు కొట్టేవాళ్ళు. తెరిచిన నోరు మూసుకున్నాను. మేనేజరు బుక్కులో ఎర్రసిరాతో రాశాడు.

కొలంబోలో వాల్వన్న ఒక రేకుపెట్టెతో దిగిపోయాడు. డీలర్లంతా రేలింగు దగ్గర నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు, కాబట్టి ఆయన వెనక్కి తిరిగి చూశాడో లేదో నాకు తెలియదు. నేను ఇంకో రెండు నెలలుండి, ఆ డీజిల్ కూడు సహించక వచ్చేశాను. వచ్చి వ్యాసాలు రాయడం మొదలుపెట్టాను. నిజం చెప్పడానికి మనవాళ్ళు ఎందుకు భయపడతారు అనే విషయం మీద నేను చాలా ఘాటుగా రాస్తానని పేరు. పాఠకులు ఆ ఘాటు ఎక్కడిదని అడిగేవాళ్ళు. నేను చదువు వల్ల అనేవాణ్ణి.

ఐదారేళ్ళకు, ఎలాగో ఊరి పేరు కనుక్కుని, కుప్పం మీదుగా వాల్వన్న ఊరు వెళ్ళాను. దారిలో బస్సులోనే క్షమాపణ తయారుచేసుకున్నాను. మొదలు, వాదన, ముగింపు అన్నీ కుదిరాయి. ఆయన పంచాయతీ నీళ్ళ ట్యాంకు దగ్గర, వీధులకు నీళ్ళు వదిలే పనిలో ఉన్నాడు. చేతిలో అలాంటి స్పానరే, జుట్టు మాత్రం పూర్తిగా తెల్లబడింది. వీధి మొదట్లో నిలబడి, "నీల్లిడస్తాండానమ్మా! కొళాయిలు సూసుకోండి!" అని గొంతు చించుకుని రెండుసార్లు అరిచి, ఆ తర్వాతే వాల్వు తిప్పాడు. నన్ను గుర్తుపట్టి నవ్వాడు. నేను నా ఉపన్యాసం అంతా చెప్పాను, బస్సులో అనుకున్నదాన్లో సగం మింగేసి. ఆయన స్పానరు పట్టుకుని, ఒకప్పటి లాగే ఓపిగ్గా విన్నాడు.

"అదా? దానికింత దూరం వస్తివా?" అన్నాడు. "నిన్ను కాపాడింది యాడుండాదప్పా. ఆ ఓడ దిగిపోయేదానికి ఒక సాకు దొరికితే సాలని రెండేండ్లుగా సూస్తాంటిని. నువ్వు మాట్లాడి చెడగొడతావేమోనని బయపడితి."

నాకు భుజాల మీదినుంచి ఏదో దిగినట్టయింది. మరుక్షణమే సందేహం వచ్చింది. దిగాలనుకున్నవాడు దిగిపోతానని చెబితే సరిపోదా? బుక్కులో ఎర్రసిరా ఎందుకు పడనిస్తాడు? ఆ వయసులో, ఎండలో, వీధి వీధికీ అరుస్తూ తిరగడానికా? ఆయన అప్పటికే పక్కవీధి వాల్వు వైపు నడుస్తున్నాడు. "రాప్పా, ఇదొకటి ఇడిసి ఇంటికి పోదాం, అన్నం తిందువు" అంటున్నాడు. నిజమేనా అన్నా అని అడగడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. ఈసారి మూసుకున్నందుకు మాత్రం సిగ్గు పడలేదు.