మామ ఆటోలో ఎవరి జాగ వాళ్లది

ఆ రోజుల్లో నాకు లెక్కలంటే భయం లేదు గానీ, మనుషులను కుర్చీల్లో కూర్చోబెట్టమంటే చెమటలు పట్టేవి. లా కాలేజీ ప్రవేశ పరీక్షలో అలాంటి ప్రశ్నలే. ఆరుగురు బెంచీ మీద కూర్చున్నారు, ఫలానావాడు చివరనే ఉంటాడు, రవీ గిరీ ఇద్దరూ టీచరు పక్కన కూర్చోరు, మరి తప్పకుండా రెండో చోట ఉండేదెవరు? (కూర్చున్నవాళ్లకు లేని బాధ నాకెందుకో!) అప్పటికే రెండుసార్లు తప్పాను. "ఈసారి గూడ పోతే ఇగ కొత్తూరు ఫ్యాక్టరీల చేరుడే" అని బాపు తేల్చేశాడు.

మా మేనమామ కొత్తూరు నుంచి శంషాబాద్‌కు షేర్ ఆటో నడిపేవాడు. ఎయిర్‌పోర్టులో ట్రాలీలు తోసే నా ఉద్యోగానికి రోజూ అందులోనే వెళ్లేవాణ్ణి, మామ పక్కన సగం గాలిలో కూర్చుని పుస్తకం తిరగేస్తూ. పరీక్ష రెండు రోజులుందనగా, రవా గిరా తేలక తల పట్టుకుని ఉంటే, మామ మాత్రం ఒక్క కాగితం లేకుండా బండి నింపుతున్నాడు. "పెద్దాయనా, కాలు నొస్తదంటివి, చివరకు కూసో. మీ తోటికోడండ్లకు మాటల్లేవు గద, చెరొక దిక్కు కూసోండ్రి." చివరగా ఎయిర్‌పోర్టులో ఊడ్చే అక్కలిద్దరు వచ్చారు. "మేమెక్కడ కూసోవాలె అన్నా?"

"మీరిద్దరు ఎటైనా కూసోండ్రి. ఈమె జాగల ఆమె, ఆమె జాగల ఈమె. నాకేం ఫరక్ పడదు."

నేను చటుక్కున పుస్తకంలోకి మళ్లీ చూశాను. రవికీ గిరికీ షరతు ఒక్కటే! రవి కూర్చోగల చోట గిరీ కూర్చోగలడు. అలాంటప్పుడు 'తప్పకుండా' అనే జవాబు ఇద్దరిలో ఎవరూ కాదు, ఇద్దరినీ కొట్టేయడమే. ఓరి నాయనో, రెండేళ్లుగా నేను వెతికిన తేడా అసలు లేనే లేదు! ఏడో తరగతి దాటని మామను దేవుణ్ణి చూసినట్టు చూశాను.

పరీక్షలో అదే రకం ప్రశ్న కనబడేసరికి ఉత్సాహం పట్టలేక, ఆటో నింపే మామలా "జర జరుగుండ్రి" అని పైకే అనేశాను. "ఎవరిని తమ్మీ? పక్కన ఎవ్వరు లేరు గద!" అంది కాపలా మేడం. ఇద్దరినీ కొట్టేసి, సీటు కొట్టేశాను.

మిఠాయి డబ్బాతో మామ దగ్గరకు పరుగెత్తి, తెలివి చూపిద్దామని, "రేపటి నుంచి నా జాగల ఎవరైనా కూసోవచ్చు మామా, ఫరక్ పడదు" అన్నాను.

మామ మిఠాయి చేతిలోనే పట్టుకుని, ఖాళీగా ఉన్న ఆ సగం సీటు వైపు చూశాడు. "పడ్తది అల్లుడా" అన్నాడు.

ఇప్పుడు నల్లకోటు తొడుక్కునేటప్పుడల్లా ఆ తెలివిగల కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. పరీక్షలో అన్నీ సరిగ్గా పెట్టి, అసలు ప్రశ్న దగ్గర తప్పాడు పాపం.