మాల్టా అని రాయని చీటీ

ఈ సంగతి మోయడం ఇక నా వల్ల కావడం లేదు. మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా, దీని దగ్గరికి వచ్చేసరికి పక్కదారి పట్టేదాన్ని. ఇన్నేళ్ళూ మింగలేక కక్కలేక బతికాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. వినండి, చాలు. ఓదార్చకండి.

ఎనభైల మొదట్లో మాట ఇది. టెక్సస్‌లో, ప్లేనోలో ఉండేవాళ్ళం. నేను నర్సుని. నాకు ఆ ఉద్యోగం చూపించింది, ఎయిర్‌పోర్టుకి వచ్చి తీసుకెళ్ళింది, తన అపార్ట్‌మెంట్‌లో ఉంచుకుని అన్నం పెట్టింది, ఖాళీ పార్కింగ్ లాట్‌లో తన కారిచ్చి డ్రైవింగ్ నేర్పింది, అన్నీ సుగుణక్కే. నా తోడబుట్టిన మనిషి కాదు. కాకినాడ మనిషి. అదే ఆస్పత్రిలో నాకంటే సీనియర్ నర్సు. తర్వాత మా ఆయన ఇండియా నుంచి వస్తే మా కాపురానికి మంచం, గిన్నెలు, దుప్పట్లు కూడా ఆవిడే సమకూర్చింది. అంత చేసిన మనిషికి నేనేం చేశాను? చెబుతాను. కాస్త నిదానంగా చెప్పనివ్వండి.

సుగుణక్క భర్త పేరు యేసుపాదం. ఓడలో ఇంజను గదిలో పనిచేసేవాడు. పెళ్ళయిన ఏడాది తిరగకుండానే ఓడెక్కాడు. దారిలో జబ్బు చేస్తే మాల్టా రేవులో దింపి ఆస్పత్రిలో చేర్చారు. అక్కడే పోయాడు, అక్కడే సమాధి చేశారు. ఓడ కంపెనీ వాళ్ళు ఆ సమాధి ఫొటో ఒకటి పంపారు, అంతే. ఆవిడ మళ్ళీ పెళ్ళి మాట ఎత్తలేదు. బతికుండగా ఒక్కసారి ఆ మట్టి మీద చెయ్యి వేసి రావాలని ఆవిడ కోరిక. మా సంఘంలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు.

సంఘమంటే పెద్దదేం కాదు, కొన్ని తెలుగు కుటుంబాలు. ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో ఆరాధన, తర్వాత భోజనం. అందులో ప్రసాద్ బ్రదర్ అని ఒక ఇంజనీరు. ఊరి బయట లేక్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకుని ఆ పిచ్చి మాకందరికీ అంటించాడు. ఎనిమిది మంది కలిస్తే మధ్యధరా సముద్రంలో కెప్టెన్‌తో సహా ఒక తెరచాప పడవ అద్దెకు దొరుకుతుందని, ఏ దారిన పోవాలో మాత్రం మనమే ముందుగా చెప్పాలని అన్నాడు. ఎనిమిది మందిమీ తేలిగ్గానే కలిశాం. చిక్కంతా దారి దగ్గర వచ్చింది.

ఆయన డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరిచి రెండు దారులు చూపించాడు. సిసిలీ తీరం వెంబడి కొన్నాళ్ళు పోయి, అక్కడి నుంచి నడిసముద్రం దాటి మాల్టా చేరడం ఒకటి. ఏథెన్స్ దగ్గర ఎక్కి గ్రీసు దీవులు ఒక్కొక్కటే చూసుకుంటూ పత్మాసు దాకా పోవడం రెండోది. రెండూ మాకు బైబిల్ వాక్యంలో తెలిసిన చోట్లే. ఓడ పగిలిన అపొస్తలుడు ఒడ్డుకు చేరిన దీవి ఒకటైతే, భక్తుడు దర్శనాలు చూసిన దీవి ఇంకొకటి. కాబట్టి భక్తిని అడ్డం పెట్టుకుని ఎవరికి కావలసింది వాళ్ళు కోరుకోవచ్చు.

“మాల్టా అయితే ఓపెన్ సీ క్రాస్ చేయాలి, అందరికీ వాంతులే. గ్రీస్ అయితే మార్నింగ్ స్టార్ట్ చేస్తే లంచ్‌కి ఇంకో ఐలాండ్‌లో ఉంటాం. కానీ అక్కడ గాలి జాస్తి. రెండూ మంచివే, మీ ఇష్టం” అన్నాడు ప్రసాద్ బ్రదర్.

మీ ఇష్టం అన్నాక ఒక్కరూ నోరు తెరవలేదు. మాలో ఒక జబ్బుంది లెండి. నాకిది కావాలి అని ఎవరమూ అడగం. అడిగితే శరీరాశ అనుకుంటారని భయం. అందుకని ప్రతిదీ తీసుకెళ్ళి దేవుడి చిత్తం మీద పెడతాం. సుగుణక్కా అంతే. మాల్టా దగ్గర వేలు పెట్టి, ఎవరైనా చూస్తారని కాబోలు, చటుక్కున తీసేసింది. నేను చూశాను.

నాకు గ్రీసు కావాలి. ఎందుకు కావాలి? అప్పట్లో నావి నైట్ షిఫ్టులు, మా ఆయనవి పగటి షిఫ్టులు. గుమ్మంలో ఎదురుపడి తాళాలు చేతులు మార్చుకునే కాపురం మాది. పెళ్ళయ్యాక ఇద్దరం కలిసి ఎక్కడికీ వెళ్ళింది లేదు. బ్రోషర్‌లో ఆ తెల్లటి ఇళ్ళూ నీలం తలుపులూ చూసి, అక్కడ ఆయన పక్కన నిలబడి ఫొటో తీయించుకోవాలని పసుపు రంగు గౌను కూడా కొనుక్కున్నాను. మాల్టాకి వెళితే ఏమవుతుంది? అందరం సమాధి చుట్టూ నిలబడి ఏడవాలి. మిగిలిన రోజులన్నీ ఆవిడ మొహం చూసి గొంతు తగ్గించి మాట్లాడాలి. ఇదంతా నిజమే. కానీ నిజమంతా ఇదేనా? కాదు. ఆవిడ చేసిన మేలు మోసీ మోసీ నాకు విసుగొచ్చింది. తిన్న ప్రతి మెతుకూ ఆవిడ పెట్టిందే అన్నట్టు చూసేవాళ్ళు జనం. ఒక్కసారైనా ఆవిడ మాట కాకుండా నా మాట నెగ్గాలనిపించింది. ఛీ! ఇది చెబుతుంటే నాకే అసహ్యంగా ఉంది.

అడిగితే ఇచ్చేది కదా! ఆస్పత్రి క్యాంటీన్‌లో ఆవిడే అడిగింది కూడా, “నీకేది ఇష్టమో చెప్పవే, అటే పోదాం” అని. నేనేమన్నానో తెలుసా? అబ్బే, నాదేం లేదక్కా, దేవుడి చిత్తం ఎలా ఉంటే అలా అన్నాను.

చివరికి ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చీట్లు వేద్దామన్నారు. మాలో అది ఉన్నదే. ఉపవాసముండి, ప్రార్థన చేసి, చీటీ తీస్తే, వచ్చింది దేవుడి జవాబు. దాని మీద ఇక మాట ఉండదు. “చెల్లెమ్మా, నువ్వు రాయి” అన్నారు నన్ను. వంటింట్లోకి వెళ్ళి కాగితం రెండు ముక్కలు చేశాను. మొదటి దాని మీద గ్రీసు అని రాశాను. అవతల గదిలో అందరూ కళ్ళు మూసుకుని పాట పాడుతున్నారు. సుగుణక్క గొంతు అందరికంటే పైకి వినిపిస్తోంది. రెండో ముక్క మీద కూడా గ్రీసు అనే రాశాను.

చెయ్యి దానంతటదే రాసిందనీ, సాతాను రాయించాడనీ అనను. నేనే రాశాను. దేవుడి సంతకం నేను పెట్టాను. ఆ క్షణంలో దేవుడికి భయపడ్డానా? లేదు. ఎవరైనా వంటింట్లోకి వస్తారేమో అని మాత్రం భయపడ్డాను.

స్టీలు గిన్నెలో చీట్లు వేసి తెచ్చాను. పెద్దావిడ కదా అని సుగుణక్కనే తీయమన్నారు. విప్పి చదివింది. గ్రీసు. అందరూ స్తోత్రం అన్నారు, ఆవిడా అంది. నేను గిన్నె కడిగే వంకతో లోపలికి పోయి, మిగిలిన చీటీని సింక్‌లో వేసి, చెత్తను నలిపేసే డిస్పోజల్ మిషను స్విచ్ నొక్కాను. గర్రుమని ఒక చప్పుడు, అంతే.

మా ఆయన ఆ రోజు ఎవరికో బదులుగా అటు నుంచి అటే షిఫ్టుకి వెళ్ళాడు. నన్ను సుగుణక్క కారులో దింపింది. దారిలో నాకు ఏడుపొచ్చింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఏడుస్తున్నాను. ఆవిడ చూసింది.

“నాకోసం నువ్వెందుకే ఏడుస్తావు, పిచ్చిమొహమా? ఆయనెందుకు వద్దన్నాడో నాకు తెలుసులే.”

“ఎవరక్కా?”

“దేవుడే. మా ఆయన ఓడెక్కడానికి పోతుంటే నేను సాగనంపలేదు. వద్దంటే వినలేదని ఒళ్ళు మండింది. తలుపేసుకుని లోపల్నుంచే అరిచా. పోతే పో, మళ్ళీ నా మొహం చూడకు అని. ఆ మాట దేవుడు గుర్తుపెట్టుకున్నాడు. ఇవాళ దాన్ని నాకే తిరిగి అప్పజెప్పాడు.”

“అలా అనకక్కా. దేవుడు అలాంటివాడు కాదు.”

“మరి చీటీ ఎవరు తీశారే? నా చేత్తో నేనే తీశాగా.”

చెప్పాల్సింది అప్పుడే. కారాపు అక్కా, రెండిటి మీదా నేనే గ్రీసని రాశాను, నీ మొగుడికీ నీకూ మధ్య దేవుడేం అడ్డు రాలేదు అని చెప్పాల్సింది. ఒక్క వాక్యం చాలు. సిగ్నల్ దగ్గర కారాగింది కూడా. సిగ్నల్ పచ్చగా మారింది, వెనకాల కారువాడు హారన్ కొట్టాడు, ఆవిడ బండి ముందుకు పోనిచ్చింది.

గ్రీసుకి వెళ్ళాం. ప్రసాద్ బ్రదర్ చెప్పిన గాలి నిజంగానే ఎక్కువ. నాకు పడవలో తల ఎత్తితే వాంతి. సుగుణక్కే గంజి కాచి తాగించింది. పత్మాసులో అందరూ కొండ ఎక్కితే నాకోసం కిందే ఉండిపోయింది. ఒకరోజు కెప్టెన్‌ని మాల్టా ఎటువైపని అడిగింది. అతను పడమటి దిక్కు చూపించాడు. ఆవిడ చాలాసేపు అటే చూసింది. పసుపు గౌనులో నా ఫొటో ఉంది. నవ్వుతూనే ఉన్నాను అందులో. ఆ ఆల్బమ్ ఎక్కడ పడేశానో కూడా గుర్తు లేదు.

అక్కడితో పోయినా బాగుండేది. ఆ తర్వాతి ఏడాది ప్రసాద్ బ్రదర్ భార్య ఆవిడతో, “పడవెందుకు ఆంటీ, ఫ్లైట్ బుక్ చేసుకుని మీరొక్కరే వెళ్ళి రావచ్చుగా” అంది. దేవుడు ఒకసారి వద్దన్నాక మళ్ళీ అడిగితే ఆయన్ని విసిగించినట్టేనమ్మా అంది సుగుణక్క. నేను పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఊరుకున్నా సరిపోయేది. అవునక్కా అన్నాను. అవును అన్నాను! ఆ మాటకి నన్ను నేనిప్పటికీ క్షమించుకోలేను. చీటీ రాసినప్పుడు స్వార్థం, అర్థమవుతుంది. ఇది దేనికి? నా దొంగతనం బయటపడకుండా ఆవిడ నమ్మకానికి నేనే గట్టిగా మేకు కొట్టాను.

అప్పటి నుంచి ఆవిడ ఆ సమాధి మాటే ఎత్తలేదు. ఆ ఫొటో కూడా తీసి ఎక్కడో పెట్టేసింది. ప్రార్థనలో ఇదివరకు పేరుపేరునా ఎన్నో అడిగే మనిషి, అందరి కోసమూ అడిగి తన దగ్గరికి వచ్చేసరికి ఆమెన్ అనేసేది. అది గమనించింది నేనొక్కదాన్నే, ఎందుకంటే దాని కారణం తెలిసింది నాకొక్కదానికే.

ఎనభైల చివర్లో సుగుణక్కకు క్యాన్సర్ వచ్చింది. మేం పనిచేసే ఆస్పత్రిలోనే చేర్చారు. షిఫ్ట్ అయిపోయాక కూడా ఆవిడ దగ్గర కూచునేదాన్ని. అందరూ నన్ను మెచ్చుకునేవారు, సొంత చెల్లెలైనా ఇలా చేయదని. చెప్పాలనే రోజూ వెళ్ళేదాన్ని. ఇవాళ బాగా నీరసంగా ఉంది, రేపు చెబుదాం. ఇవాళ కాస్త తేలిగ్గా ఉంది, ఎందుకు పాడుచేయడం. మనసు ఎన్ని సాకులు వెతుక్కుంటుందో!

ఒక మధ్యాహ్నం కళ్ళు మూసుకునే, “అక్కడికి వెళ్ళాక అడుగుతానే” అంది.

“ఏం అడుగుతావక్కా?”

“అంత చిన్న కోరికకి ఎందుకు వద్దన్నావని.”

నేను తలగడ సరిచేశాను. మంచినీళ్ళు కావాలా అని అడిగాను. ఆ వారమే ఆవిడ పోయింది. ఇక్కడి మట్టిలోనే, ఊరి చివర స్మశానంలో సమాధి చేశాం. పెట్టె మీద మొదటి పిడికెడు మట్టి నన్నే వేయమన్నారు. వేశాను.

ఆవిడ ఈపాటికి అడిగే ఉంటుంది. దేవుడు చెప్పే ఉంటాడు. పైన ఆవిడకు తెలిసిపోయింది. ఇక్కడ మాత్రం ఎవరికీ తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఆయన్ని అడిగే మొహం నాకు లేదు. ఆవిడకి చెప్పాల్సిన ఆ ఒక్క వాక్యాన్ని ఎవరో ఒకరి ముందు బయటికి అంటే చాలనిపించింది. సుగుణక్కా, దేవుడు వద్దనలేదు. నేను వద్దన్నాను.