ముప్కాల్ ఫోన్ల నల్లటి తెర

2023, ఆర్మూర్. పసుపు సీజన్ జోరు మీదుంది. మా ఆఫీసంటే ఎరువుల దుకాణం మీదున్న ఒక్క గది. ఆర్మూర్‌ల ఫోన్ గేములు చేస్తరా అని నవ్వేటోళ్లు అప్పుడున్నరు, ఇప్పుడూ ఉన్నరు. నవ్వుకోనియ్యి. కోడ్ నేను రాస్త, బొమ్మలు పక్కనున్న ముప్కాల్ ఊరి సుజాత గీస్తది. ఆమె భర్త రమేశ్ దుబాయ్‌ల పని చేస్తడు. బిడ్డ అక్షయ చిన్న బడిల చదువుతది.

గేమ్ ఆలోచన సుజాతదే. పసుపు ఉడకబెట్టే ఆట. ఒకలు మంట చూసుకోవాలె, ఇంకొకలు ఉడికిన కొమ్ములు తీయాలె. ఇద్దరూ రెండు ఫోన్ల మీద, ఎంత దూరమున్నా సరే, కలిసి ఆడాలె.

"వీడియో కాల్‌ల మాటలు జల్దీ అయిపోతయన్నా. తిన్నవా అంటడు ఆయన, తిన్న అంటది బిడ్డ. ఇగ ఇద్దరు మొకాలు చూసుకుంట కూసుంటరు. కలిసి చేసేటందుకు ఏదన్న పని ఉండాలె" అన్నది.

జర మా పని ముచ్చట చెప్త. ఫోన్‌ల బొమ్మ గీసేది జీపీయూ అనే చిప్. మా కోడ్ దాంతోని మాట్లాడాలంటే నడుమ దుబాసి లెక్క గ్రాఫిక్స్ ఏపీఐ కావాలె. అవి రెండు రకాలు. ఓపెన్‌జీఎల్ ఈఎస్ అనేది పాతది, దాదాపు అన్ని ఫోన్లల్ల నడుస్తది. వల్కన్ కొత్తది, మంచి ఫోన్‌ల మస్తు స్పీడు. పాత ఫోన్లల్ల అది ఉండదు, ఉన్నా సక్కగ నడుస్తదన్న నమ్మకం లేదు. అందుకే నేను రెండూ పెట్టిన. ఒకటి నడువకపోతే గేమ్ తనంతట తనే రెండోదానికి మారుతది.

గేమ్ విడుదల చేసే హైదరాబాద్ కంపెనీ ప్రొడ్యూసర్‌కు గట్ల రెండు పెట్టుడు నచ్చలే. చూసిపోతనని ఆర్మూర్ వచ్చిండు. అప్పుడే రమేశ్ లీవ్ మీద ఇంటికొచ్చిండు. తన కొత్త ఫోన్ పట్టుకొని, తన లెక్కనే దుబాయ్ నుంచి లీవ్‌ల వచ్చిన దోస్త్ కొత్త ఫోన్ అడిగి బిడ్డకిచ్చిండు. మా ఆఫీసు బెంచీ మీద తండ్రీబిడ్డలు పక్కపక్కన కూసొని ఆడిన్రు. అక్షయ ఒక్కటే నవ్వుడు.

"చూశారా, వల్కన్ ఎంత బాగా నడుస్తోందో! మీ ఊళ్లో అందరివీ దుబాయ్ ఫోన్లే. రెండోది తీసేయండి, డబుల్ టెస్టింగ్ ఎందుకు?" అన్నడు సార్.

"గా ఫోన్లు ఊరియి కావు సార్. లీవ్ అయిపోతే వాళ్లతోనే పోతయి. ఇంట్ల మిగిలేది వాళ్లు వాడి ఇడిసిపెట్టిన పాత ఫోన్" అని నేనన్న.

"అలాంటివాళ్లు మన మార్కెట్ కాదండీ."

నా ఒళ్లు మండింది. "ఎవలు సార్ అలాంటోళ్లు? గీ బొమ్మలన్ని గీసినామె ఇంటోళ్లా?"

సుజాత అక్కడ్నే నిలవడ్డది. ఆయన ఆమె దిక్కు కూడ చూడలే. ఆఖరి మాట కంపెనీదేనని ఒప్పందం. ఓపెన్‌జీఎల్ తీపిచ్చిండు.

లీవ్ అయిపోయింది, రమేశ్ పోయిండు, ఫోన్లు పోయినయి. గేమ్ విడుదలైన నాడు సుజాత పాత ఫోన్ పట్టుకొని బిడ్డతోని ఆఫీసుకొచ్చింది. రమేశ్‌ను నా ఫోన్‌ల స్పీకర్ మీద పెట్టినం.

"మంట పెట్టిన బిడ్డా, కొమ్ములు తియ్యి" అన్నడు.

"డాడీ, నాకు అంత నల్లగనే ఉంది."

"జర ఆగు, వస్తది."

రాలే. బంద్ చేసి మళ్ల తెరిచినం, అయినా రాలే. గా పాత ఫోన్‌ల వల్కన్ నడువది, మారుదామంటే ఓపెన్‌జీఎల్ తీసేసినం. అవుతల రమేశ్ మంట పెట్టుకొని బిడ్డ కోసం చూస్తనే ఉన్నడు. సుజాత కండ్లు తుడుసుకొని బిడ్డను బయటికి తీస్కపోయింది.

నేను సార్‌కు ఫోన్ కొట్టిన. "కొత్త ఫోన్ కొనుక్కోమనండి" అన్నడు. ఛీ, గీ మనిషితోనా నేను పని చేసింది! గా కంపెనీకి మళ్ల ఒక్క లైను కోడ్ రాయలే.

ఏ ఏపీఐ గొప్పదని పని నేర్సుకునే పిల్లలు నన్ను అడుగుతరు. ముందుగాల ఆడేటోళ్ల చేతిల ఏ ఫోన్ ఉన్నదో చూసి రమ్మంట. ఇప్పుడు మా ఆఫీసుల ఏ గేమైనా ముందు సుజాత పాత ఫోన్‌లనే నడవాలె. అయినా నా కోపం సల్లారలే. దూరమున్నోళ్ల కోసం చేసిన గా ఆట, తండ్రీబిడ్డలు ఒక్క బెంచీ మీద కూసున్ననాడే నడిచింది.