అత్త చూసిన వెలుగు చారలు

మా కాలేజీలో సైన్స్ ప్రదర్శన పెట్టినప్పుడు అత్తను తీసుకెళ్ళాను. అత్త అంటే మా నాన్నకు అక్క. మామ కేజీఎఫ్ బంగారు గనిలో పనిచేస్తూ భూమి లోపలే పోయాడు. పిల్లలు లేరు. అప్పట్నుంచీ మా ఇంట్లోనే ఉండి నన్ను పెంచింది. గనులు మూసేశాక చుట్టుపక్కల వాళ్ళు ఒక్కొక్కరే బెంగళూరు దారి పట్టినా తాను కదలనంది. నేనూ ఈ ఊళ్ళోనే ఫిజిక్స్ లెక్చరర్‌గా స్థిరపడ్డాను.

చీకటి చేసిన గదిలో, బరువైన బల్ల మీద నా ప్రయోగం. పలచని పూత వేసిన అద్దం ఒకటి లేజర్ కిరణాన్ని రెండుగా చీలుస్తుంది. ఒకటి నేరుగా, ఒకటి పక్కకు పోయి, చెరో అద్దానికి తగిలి వెనక్కొచ్చి కలుస్తాయి. కలిసిన వెలుగు గోడ మీద ఎర్రటి, నల్లటి చారలుగా పడుతుంది. ఆ రెండు దారుల్లో ఏదైనా వెంట్రుక మందంలో వందో వంతు మారినా చారలు జరిగిపోతాయి.

అత్త చేతికర్ర నేలకు ఆనించగానే అవి వణికాయి.

"ఇదేందమ్మా, నా కర్రకే ఇంత బెదురుతాది?"

"ఇది చిన్నది అత్తా. కిలోమీటర్ల పొడవున గాలి తీసేసిన గొట్టాల్లో ఇట్లాంటిదే పెద్దది కట్టినారు. ఆకాశంలో యాడో రెండు బరువైన నక్షత్రాలు గుద్దుకుంటే ఆ అదురు ఇంత దూరం వస్తుంది. వచ్చి ఒక దారిని సాగదీస్తుంది, ఇంకోదాన్ని కుదిస్తుంది. వెలుగు ఆ తేడా పట్టిస్తుంది."

"నేల అదిరినా ఊగుతాది కదా? పైనుంచి వచ్చిందని యెట్ల తెలుస్తాది?"

"అద్దాల్ని సన్నటి తీగలకు వేలాడదీస్తారు, నేల అదురు తగలకుండా. పైగా చాలా దూరంలో ఇంకోటి ఉంటుంది. రెండిట్లోనూ ఒకే అదురు కనిపిస్తేనే నమ్ముతారు."

"ఆ గుద్దుకునింది ఎప్పుడు?"

"మనుషులు పుట్టకముందే. ఇప్పుడు వచ్చి చేరుతా ఉంది."

అత్త గోడనే చూస్తూ మెల్లగా చెప్పింది.

"ఆ దినం నేను సంగటి కెలుకుతా ఉంటిని. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. లోపల బండ పగిలినప్పుడల్లా వచ్చేదే కదా అని పొయ్యికాడనుంచి లేవలేదు. ఇంగ కాసేపటికి సైరన్ మోగింది. మీ మామ కాడినుంచి నాకు కడసారి వచ్చింది ఆ అదురేనమ్మా. అప్పుడు తెలీలేదు."

ఇన్నేళ్ళలో ఈ మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అందర్నీ కదలకుండా ఉండమను," అంది. చూడ్డానికొచ్చిన పిల్లలు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. చారలు నిలిచాయి. అత్త వాటిని కళ్ళార్పకుండా చూసింది. ఆమె దేనికోసం చూస్తోందో అడగలేదు. బయట ఇంకో తరగతి పిల్లలు వచ్చి తలుపు తట్టేదాకా అట్లాగే నిలబడింది.

ఆ వానాకాలంలోనే అత్త పోయింది.

మొన్న మన దేశంలోనూ ఆకాశపు అదురు పట్టే అలాంటి కేంద్రం కడుతున్నారని పేపర్లో చదివాను. చదువుతూనే అత్తకు గట్టిగా వినిపించబోయి ఆగిపోయాను. "యాడ కడతారంట?" అనే గొంతు వినాలని ఉంది. ఆ వార్త తీసుకెళ్ళి క్లాసులో పిల్లలకు చదివి వినిపించాను. ఎక్కడని వాళ్ళెవరూ అడగలేదు.