స్టాటిక్ డబ్బా

బతికిన చివరి రోజు సాయంత్రం కూడా ఆత్మారాం సార్ కంప్యూటర్ సెంటరుకు తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి లాగి చూశాడు. నిజామాబాద్ మొత్తంలో ఆయన దేన్నీ నమ్మింది లేదు. గోడ గడియారాన్ని నమ్మక చేతి గడియారం చూసేవాడు. దాన్నీ నమ్మక బోధన్ బస్సు కండక్టరును అడిగేవాడు. మధ్యాహ్నం కాగానే, గ్యాస్ కట్టేశారో లేదోనని ఇంటికి పరుగెత్తేవాడు.

అన్నిటికన్నా పెద్ద అనుమానం పిల్లల టిఫిన్ డబ్బాల మీద. భోజనానికి ముందు ఒక్కొక్కటీ ఎత్తి చెవి దగ్గర ఊపేవాడు. పెన్‌డ్రైవులు పోతున్నాయట. ఏ పెన్‌డ్రైవూ పోలేదు.

కోటగిరి నుంచి వచ్చే సవితకు ఆ తనిఖీ అంటే చెమటలు పట్టేవి. తల్లికి బీడీల పని దొరకని వారాల్లో ఆమె ఖాళీ డబ్బాకే మూత బిగించి తెచ్చేది.

ఒకరోజు సార్ దాన్ని ఎత్తాడు, ఊపాడు. క్లాసంతా చూస్తోంది. మూత తీస్తే రేపటి నుంచి ఈ మెట్లు ఎక్కకూడదనుకుంది సవిత.

సార్ మూత తీయలేదు. తన పెద్ద డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“ప్రోగ్రాముల్ల స్టాటిక్ క్లాస్ అంటే ఏందో నిన్న చెప్పిన. ఎవలికి ఎక్కలేదని నా అనుమానం. మామూలు క్లాసుకు ‘న్యూ’ అని రాసి ఎవల డబ్బ వాళ్ళు చేసుకుంటరు. స్టాటిక్‌కు ‘న్యూ’ నడువది. గిదొక్కటే డబ్బ, అందరిది. పేరు పెట్టి పిలువాలె, తీసుకోవాలె. ఒకలు ఉప్పేస్తే అందరికీ ఉప్పే.”

అని సవిత వైపు తిరిగాడు. “దీన్ల ఉప్పెక్కువైందని ఇంకో అనుమానం. మా ఇంటామె కావాలనే వేస్తది. తిని సాక్ష్యం చెప్పు బిడ్డా.”

సవిత ఒక ముక్క తిని సరిగ్గానే ఉందంది. ఒక్క ముక్క సాక్ష్యం చెల్లదన్నాడు సార్. రొట్టెలన్నీ తేల్చాల్సిందేనని చెప్పి గ్యాస్ చూడడానికి వెళ్ళిపోయాడు. తలా ఒక చెయ్యి వేశారు. ఆనాటి నుంచి డబ్బా రోజూ బల్ల మీదే. ఉప్పు సంగతి మాత్రం ఎన్నటికీ తేలలేదు.

తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో సవితను స్టాటిక్ క్లాస్ గురించే అడిగారు. ముందు జొన్నరొట్టె వాసన వచ్చింది, వెనకే జవాబు వచ్చింది. ఉద్యోగమూ వచ్చింది.

సార్ పోయాక పరామర్శకు వెళ్ళినప్పుడు, బాకీపడ్డ సాక్ష్యం ఆయన భార్య గోదావరమ్మకే చెప్పింది.

“మీ రొట్టెల్ల ఉప్పు ఎన్నడు ఎక్కువ కాలేదమ్మా.”

గోదావరమ్మ అచ్చం సార్ చూసినట్టే అనుమానంగా చూసింది. “ఎక్కువైందని ఎవలన్నరు?”

“సారే.”

“ఆయనకెట్ల తెలుస్తది బిడ్డా? రొట్టె పడకపోతుండె ఆయనకు. దినాం మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని పోయెటోడు.”