వెనక్కి నడిచిన పేతురు

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని మా షెడ్డులో విల్లాలకూ మసీదులకూ రంగుటద్దాలు బిగించడమే నా పని. అన్నీ పువ్వులు, నక్షత్రాలు. అటు తిప్పినా ఇటు తిప్పినా ఒకటే. ఆ అలవాటే నన్ను ముంచింది.

లాక్‌డౌన్ తర్వాతి ఏడాది జర్మనీ నుంచి మూడు చెక్కపెట్టెలు వచ్చాయి. అక్కడి పాత క్రైస్తవ మఠం కిటికీ అద్దాలట. ఇక్కడి షేక్ ఒకాయన తన విల్లా కోసం కొన్నాడు. అద్దం ముక్కలు గట్టిగానే ఉన్నాయి, వాటిని పట్టి ఉంచే సీసపు పట్టీలు మాత్రం పుచ్చిపోయాయి. పట్టీలు విప్పి, ముక్కలు కడిగి, కొత్త పట్టీల్లో బిగించాలి.

“యే కామ్ ఖలాస్ కరో బాబా, పాస్‌పోర్ట్ లేకే ఘర్ జావో” అన్నాడు ముదీర్, అంటే మా మేనేజరు. పని ముగించి ఇంటికి పొమ్మని. నా పాస్‌పోర్టు ఆయన సొరుగులో ఉంది. మొదట కరోనా అని విమానాలు లేవు, తర్వాత మనుషులు లేరని ఆయనే పంపలేదు. నేను ఇల్లు చూసి నాలుగేళ్లు దాటింది.

బొమ్మల్లో ఏముందో నాకు తెలియదు. మాకు టీ పెట్టే గోదావరి జిల్లా ఆమె చర్చికి పోతుంది. ఆమే చెప్పింది.

“చెరసాల్లో పేతురుగారు బాబాయ్. దేవదూత వచ్చి సంకెళ్లు ఊడగొట్టి బయటికి నడిపించేశాడు. కాపలావాళ్లు గుర్రుపెట్టి నిద్ర.”

“మన ముదీర్‌కు నిద్ర రాదు గద, అదే తిప్పలు” అన్నాను. గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వింది.

మొదటి అద్దంలో గొలుసులతో కూర్చున్న ముసలాయన. నడిమి దాంట్లో దేవదూత ఆయన చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటాడు. మూడో దాంట్లో తెరుచుకున్న ఇనుప గేటు, దాని అవతల వీధి.

విప్పే ముందు అద్దం మీద పల్చటి కాగితం పరిచి మైనంతో రుద్దుతాం. పట్టీల గీతలన్నీ కాగితం మీదికి వస్తాయి. ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి ముక్కలు పేర్చుకుంటాం. నడిమి అద్దం కాగితాన్ని నేను బోర్లా పరిచాను. గీతలు రెండు వైపులా కనపడేవే. ముక్క కూర్చోకపోతే తిప్పి పెట్టాను, కూర్చుంది. పువ్వులకు ఎప్పుడూ చేసేదే కాబట్టి అనుమానం రాలేదు. అలాగే అన్నీ తిప్పి, సీసం అతికి, సందుల్లో లప్పం కూరి ఆరబెట్టాను.

మంగళవారం మూడింటినీ ఎండ పడేచోట వరుసగా నిలబెట్టాను. ముదీర్ చూసి “జబర్దస్త్” అని భుజం తట్టిపోయాడు. గురువారానికి టికెట్టు తీయించాడు. ఇంటిదానికి ఫోన్ చేసి చెప్పేశాను కూడా.

అప్పుడు వచ్చింది టీ ఆమె. “ఇదేంటి బాబాయ్? మళ్లీ జైల్లోకే తీసుకుపోతున్నాడు?”

చూశాను. ఇద్దరూ గేటుకు వీపు పెట్టి గొలుసుల గది వైపు నడుస్తున్నారు. అద్దాన్నే తిప్పి నిలబెడదామంటే, పట్టీలకు వాన ఆగేలా చేసిన బయటి వైపు గది లోపలికి వస్తుంది; అంతా విప్పి మళ్లీ బిగించాల్సిందే.

“నాకేం తెలీదు, టీ ఇచ్చేదాన్ని” అంది మెల్లగా. “మీరు ఎల్లిపోండి బాబాయ్.”

నిజమే, ఎవరు చూడొచ్చారు? మేముండే అల్ కుసైస్ లేబర్ క్యాంపుకు పోయే బస్సులో దారి పొడుగునా అదే అనుకున్నాను. క్యాంపులో బట్టలు కూడా సర్దాను. కానీ ఆ ముసలాయన్ని అటు తిప్పింది నేను. ఆయన్ని అటు తోలి నేను విమానం ఎక్కడం నాకు సహించలేదు. పొద్దున పెట్టెకు మేకులు కొట్టకముందే ముదీర్‌కు చెప్పాను.

నాకిద్దామని బల్ల మీద పెట్టిన పాస్‌పోర్టును ఆయన మళ్లీ సొరుగులో వేశాడు. “కిత్నే దిన్?” అన్నాడు, సరిచేయడానికి ఎన్ని రోజులని.

“నలభై రోజులు” అన్నాను.

ఇంటిది ఫోన్‌లో అంతా విన్నది. “ఏం మనిషివయ్యా! అద్దంల బొమ్మ ఎటు నడుస్తే నీకేంది? నువ్వు ఇటు నడువరాదు?” అని పెట్టేసింది. వారం దాకా ఎత్తలేదు.

నలభై రోజులు అన్నది నలభై ఎనిమిది అయింది. పాత సీసం విప్పుతుంటే రెండు ముక్కలు అంచుల్లో చిట్లాయి. పేతురు పాదం మాత్రం చిట్లనివ్వలేదు. ఆఖరికి నిలబెడితే గేటు వైపే అడుగు వేశాడు.

షేక్ చూడటానికి వచ్చినప్పుడు ముదీర్ ఈ కథంతా గొప్పగా చెప్పాడు, తానే కనిపెట్టినట్టు. షేక్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. అదే మఠంవి ఇంకో రెండు పెట్టెలు కొన్నాడట. నన్ను చూపించి, ఈ ముసలాయన తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు అన్నాడట. ముదీర్ సొరుగుకు తాళం వేసి “యల్లా బాబా” అన్నాడు, ఇక పని కానీయమని.

ఆ మధ్యాహ్నం ఇంటిది తానే ఫోన్ చేసింది.

“ఇప్పుడు ఎటు నడుస్తుండు నీ ముసలాయన?”

“బయటికే.”

“మరి నువ్వు?”

చేతిలో మేకులు పీకే పట్టకారు ఉంది. “కొత్త పెట్టె తెరుస్తున్న” అన్నాను.