మాత్ర గొర్రెకు, అర్జీ కలెక్టరాఫీసుకు

ఒకే ఒక్క అర్జీతో నేను మా ఊరికి తెచ్చిన నష్టం ఏ తుఫానూ తేలేదు. చెబుతాను, నవ్వండి. నవ్వినవాళ్లను గుర్తుపెట్టుకోవడం నాకు అలవాటు.

కృష్ణపట్నం దారిలో మా ఊరు. ఆరేళ్ల కిందట మా పశువుల ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉండేవారు. ప్రతి గొర్రెనూ మొహం చూసి గుర్తుపట్టేవారు. ఒక సోమవారం పొద్దున మూతిమీద నల్లమచ్చలుండే నా జోడిపి జాతి గొర్రె ముందుకాలు నేల మోపలేకపోతే తీసుకెళ్లాను. గిట్టలో ముల్లు లాగి, కట్టుకట్టి, నొప్పి మాత్ర మింగించారు.

గంటసేపు కాపలా కాశాను.

"ఏంది మేడం, ఇంకా కుంటతానే ఉండాదే?"

"రేపు పొద్దున చూడన్నా."

"నేను తలనొప్పికి మాత్రేసుకుంటే అరగంటలో లేచి తిరగతా. దీనికి రేపా?"

"నీ పొట్టా దాని పొట్టా ఒకటేనా? మాత్ర ముందు దాని పెద్దపొట్టలో మేతతో కలుస్తుంది. అక్కడినుంచి మెల్లగా కిందికి దిగి, నెత్తుట్లోకి పోవాలి. మందు పూర్తిగా పట్టేసరికి రేపవుతుంది. తొందర గొర్రెకు లేదన్నా, నీకే!"

అక్కడున్న ముగ్గురు నవ్వారు. ఆ ముగ్గురి పేర్లూ ఇప్పటికీ వరసగా చెప్పగలను.

మీరే చెప్పండి. రేషను కార్డుకు రేపు, పాసు పుస్తకానికి రేపు, కరెంటు మీటరుకు రేపు. ఆఫీసుల రేపులు తిని పెరిగినవాడికి, వైద్యం తెలిసి చెప్పిన రేపు వేరని ఎలా తెలుస్తుంది? గొర్రెను ఇంట్లో కట్టేసి నెల్లూరు బస్సెక్కాను. కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకునే రోజు. "నాసిరకం మందు, నిర్లక్ష్యం, హేళన" అని నాలుగు పేజీలు రాసి, కుంటుతున్న గొర్రె ఫోటో కూడా అంటించాను.

మర్నాడు పొద్దున్నే పక్కింటి లచ్చక్క కేక.

"ఒరే, నీ కుంటిది కంచె దూకి నా చిక్కుడుపాదంతా మేసేసింది గదరా!"

"నిజంగా దూకిందా అక్కా? ఏ కాలితో?"

"నాలుగుతో! నీ నోరు మాదిరే, ఒక్కటీ ఆగలా!"

అర్జీ వెనక్కి తీసుకుందామని నెల్లూరు పరుగెత్తాను. "నమోదైపోయినాది, పైకి పోయినాది" అన్నాడు గుమాస్తా. ఆలస్యం అమృతం విషం అంటారు. గొర్రెల వైద్యంలో తొందరే విషం. నా బతుకులో పెట్టిన అర్జీలన్నీ నత్తల్లా పాకితే, ఇదొక్కటే శ్రీహరికోట రాకెట్‌లా దూసుకుపోయింది. పదిహేను రోజుల్లో ఆమెకు బదిలీ.

వెళ్లేరోజు బస్సు దగ్గర నన్ను చూసి, "గొర్రె బాగుందా అన్నా?" అని మాత్రమే అడిగారు. ఆ అర్జీ కింద నా పేరు చదివే ఉంటారు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే, జీవితాంతం దాన్ని తలచుకుని కోపంగా బతికేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఇప్పుడు వారానికోసారి ఎవరో వస్తారు, గొర్రె మొహం చూడకుండానే చీటీ రాస్తారు. మందలో ఏది కుంటినా, ఆమె ఉంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంటుంది. ఆమెను తిరిగి పంపమని పదకొండు అర్జీలు పెట్టాను. అన్నిటికీ ఒకటే జవాబు: "సదరు డాక్టరుపై మీ ఫిర్యాదు మీకు సంతృప్తి కలిగేలా పరిష్కరించబడినది."

కాబట్టి సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మాత్ర మింగిన గొర్రె మర్నాటి పొద్దు చూసేదాకా ఇక కలం ముట్టను. పన్నెండో అర్జీకి మాత్రం ఈ ప్రమాణం వర్తించదు.